పెద్దావిడ ఎడమ చక్రం

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 9

నట్టుకి,

ఉత్తరం చూసి కంగారుపడకు. నేనూ పాపా బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే నువ్వు "ఊ" అంటావు, "సరే వదినా" అంటావు, ఇంతలో వెనకాల బస్సు హారన్ మోగుతుంది, పనుందని పెట్టేస్తావు. మీ అన్నయ్య పోయాక ఈ నాలుగేళ్ళలో మనం మాట్లాడుకున్న మాటలన్నీ కలిపినా ఒక కాగితం నిండదు. ఉత్తరానికి "ఊ" అని జవాబు రాయలేవు కదా, అందుకని ఈ దారి పట్టాను.

సంగతేమిటంటే, పెద్దావిడను మళ్ళీ లేపుదామనుకుంటున్నాను.

మీ అన్నయ్య తన ఫోర్‌వీల్ వ్యాగన్‌ని ఆ పేరుతో పిలిచినప్పుడు కొత్తల్లో నాకు ఒళ్ళు మండేది. నన్ను చేసుకోకముందే అది ఆయన దగ్గరుంది కాబట్టి న్యాయంగా రెండో స్థానం నాదేనని తర్వాత ఒప్పేసుకున్నాను. ఆ రోజు వాగులోంచి ట్రాక్టరుతో లాక్కొచ్చి షెడ్డులో నిలబెట్టినచోటే ఇప్పటిదాకా ఉంది. నిన్న తలుపు తీసి చూశాను. వెనక సీటులో ఎలకలు కాపురం పెట్టి పిల్లల్ని కూడా కన్నాయి. డ్రైవరు కాళ్ళ కింద రేకు తుప్పుపట్టి చెయ్యి దూరేంత కన్నం పడింది. టైర్లు నాలుగూ నేలకి అంటుకుపోయాయి. బానెట్ మాత్రం మీ అన్నయ్య చేతికి లేచినంత సులువుగానే నాకూ లేచింది.

ఇప్పుడెందుకు అంటావా. మా ఆరోగ్య కేంద్రానికి ఉన్న ఒక్క జీపూ తీసేశారు. వాగు అవతల కొండ మీది నాలుగు పల్లెలకి టీకాలు వేసే నర్సు రిటైరైంది. ఆ పల్లెలు నేనే అడిగి తీసుకున్నాను. జూలై నుంచి వారానికోసారి మందుల ఐసు పెట్టెతో ఎక్కాలి. ఆ దారి ఎక్కగలిగే బండి షెడ్డులో పెట్టుకుని ఎవరినో ఎందుకు బతిమాలడం. డ్రైవింగ్ నాకు వచ్చు. నేర్పింది మీ అన్నయ్యే, ఎంత అరిచి నేర్పాడో నువ్వు విన్నావు.

ఆయన మీద నాకింకా కోపం తగ్గలేదు, నీ దగ్గర దాచేదేముంది. వాన కొలవడమే ఉద్యోగమైన మనిషి. వారం వారం కొండ మీది వాతావరణ కేంద్రానికి వెళ్ళి ఎంత పడిందో రాసుకొచ్చే మనిషి. అలాంటివాడు వాగులో నీళ్ళెంతున్నాయో చూసుకోకుండా బండి దించాడు. వాతావరణ ఆఫీసు వాళ్ళ రిపోర్టులో "డ్రైవరు దూకుడు వల్ల" అని రాశారు. ఆ ముక్క చదివినప్పుడు ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది నాకు.

సరే, అది వదిలెయ్. ఇక్కడ రోడ్డు మలుపులో సైలెన్సర్ అని ఒక మెకానిక్ ఉన్నాడు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని ఆయన నోరు మూతపడగా చూసినవాళ్ళు లేరు. పని బాగా చేస్తాడంటున్నారు. అయినా ఆ బండి గురించి నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పదేళ్ళు మీ అన్నయ్య పక్క సీటులో కూర్చున్నవాడివి. ఏం మార్చాలో, ఏది ముట్టుకోకూడదో నువ్వే రాయి.

మీ వదిన


డిపో గ్యారేజీ,
ఫిబ్రవరి 27

వదినకు,

మీ ఉత్తరం పది రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. మడతల దగ్గర గ్రీజు అంటి కొన్ని అక్షరాలు పోయాయి గాని అప్పటికే నాకు నోటికి వచ్చేసింది.

నన్నడిగితే ఆ బండి వద్దు. దాని వయసు బళ్ళకి సామాను దొరకడం లేదు. మీ కేంద్రం వాళ్ళనే ఇంకో జీపు కోసం గట్టిగా అడగండి. పెద్దావిడను పాత ఇనుముకి ఇచ్చేసినా అన్నయ్య ఏమీ అనుకోడు.

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆపేశాను. మీరు వినరని తెలుసు. చేయించేటట్టయితే ఇలా చేయించండి. ముందు బ్రేకులు. ఇంజను సంగతి తర్వాత, కదలని బండి ఎవరికీ హాని చెయ్యదు, ఆగని బండి చేస్తుంది. రబ్బరు గొట్టాలు ఒక్కటి కూడా పాతది ఉంచొద్దు. రేడియేటర్ కడిగించండి. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని పైకప్పు దాకా పెంచమనండి, నీళ్ళలో దిగినా ఇంజను నీళ్ళు తాగదు. కాళ్ళ కింద రేకుకి లప్పం పూసి రంగేస్తే ఒప్పుకోకండి, కోసి కొత్త రేకు అతికించమనండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. పెద్దావిడలో లోపలి చిన్న గేరు లాగినంత మాత్రాన నాలుగు చక్రాలూ లాగవు. బండి దిగి, ముందు చక్రాల నడిమధ్య ఉండే లాకులు రెండూ చేత్తో తిప్పాలి, కుడిదొకటి, ఎడమదొకటి. రెండిట్లో ఏ ఒక్కటి వదిలేసి ఉన్నా ఇంజను బలమంతా అటే వృథాగా పోతుంది, ముందు చక్రాలు రెండూ ఉన్నా లేనట్టే. ఆ లాకులు పీకించేయండి. వాటి చోట కదలని ఇనప బిళ్ళలు బిగిస్తే చక్రాలు ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఎవరూ దిగక్కర్లేదు, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మిగతావి మీ ఇష్టం, ఈ ఒక్కటి మాత్రం నా మాట వినండి.

నేను రాలేను. ఇక్కడ సెలవు దొరకడం కష్టంగా ఉంది. పాపను అడిగానని చెప్పండి.

నట్టు


ఇంటి నుంచి,
మార్చి 22

నట్టుకి,

నాలుగేళ్ళుగా దొరకని సెలవు ఎంత పెద్దదై ఉంటుందో ఊహించుకుంటున్నాను. సరే, రాకు. ఉత్తరం వచ్చింది, అదే పదివేలు.

పెద్దావిడను తాడు కట్టి సైలెన్సర్ దగ్గరికి చేర్చాం. పాప స్టీరింగ్ పట్టుకుంది, ఆ రోజు దానికి కాలేజీ సెలవు. ముందు లాగే బండిని సైలెన్సర్ దారంతా వెనక్కి తిరిగి మాట్లాడుతూనే నడిపాడు. నువ్వు రాసిన కాగితం చూపిస్తే రెండుసార్లు చదివి, "ఇతనెవరో తెలిసినవాడమ్మా" అన్నాడు. అది ఆయన నోట వచ్చిన అతి చిన్న వాక్యం.

బ్రేకులు అయ్యాయి. కింద రేకు కోసి అతికించారు. పదిహేనో తారీఖున ఇంజను మొదటిసారి పలికింది. ముందు దగ్గింది, తర్వాత నల్లటి పొగ వదిలింది, ఆ తర్వాత మీ అన్నయ్య చెప్పే "టకటక" మొదలైంది. నేను బయట స్టూలు మీద కూర్చుని ఉన్నాను. లేచి లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను.

వెనక సీటు తీయించేసి ఐసు పెట్టె కదలకుండా ఇనప చట్రం పెట్టిస్తున్నాను. రంగు దగ్గర గొడవ జరుగుతోంది. పాప పసుపు అంటుంది, నేను పాత బూడిద రంగే అంటాను. రెండు రోజులుగా మా మధ్య మాటల్లేవు, సైలెన్సర్‌కి మాత్రం ఇద్దరం విడివిడిగా చెబుతున్నాం.

ఇక లాకుల సంగతి. బిళ్ళలు బిగిస్తే స్టీరింగ్ బరువెక్కుతుందట. కొండ దారిలో అన్ని మలుపులు తిప్పడం నా మణికట్టు వల్ల కాదంటున్నాడు సైలెన్సర్. అది ఒకసారి విరిగి అతుక్కున్న చెయ్యి, నీకు తెలుసు. పైగా ముందు ఇరుసులో ఏదైనా విరిగితే చక్రాలు వదిలేసి ఇంటికి చేరే వీలుండదట. నాకు ఆయన చెప్పిందే సబబుగా ఉంది. నిజం చెప్పాలంటే నాకు ఆ లాకులంటే ఇష్టం కూడా. వాగు ఒడ్డున మీ అన్నయ్య కుడి వైపు దిగి, "ఎడమ?" అని కేక వేసేవాడు. నువ్వు "వేశా" అనేవాడివి. నువ్వు "కుడి?" అంటే ఆయన "వేశా". బడిలో హాజరు పలికినంత శ్రద్ధగా. నేను వెనక కూర్చుని నవ్వుకునేదాన్ని.

ఒక విచిత్రం చెప్పాలి. సైలెన్సర్ లాకులు రెండూ విప్పి కడిగాడు. లోపల వాగు ఒండ్రు గట్టిపడిపోయి ఉంది. ఎడమ దాని మీద ప్లయర్‌తో పట్టి తిప్పిన గాట్లున్నాయి. ఒండ్రు చేరాక ఎవరో బలవంతంగా తిప్పారట, లోపల ఒక పన్ను కూడా విరిగింది. దాని మీద ఇనుము పెడితే మీ అన్నయ్య ఒంటికాలి మీద లేచేవాడు కదా, చెయ్యి చాలురా అనేవాడు. నీకేమైనా తెలుసా?

మీ వదిన


డిపో గ్యారేజీ,
ఏప్రిల్ 8

వదినకు,

కమాను పట్టీల గురించి క్రితం ఉత్తరంలో రాయడం మరిచాను. వెనక కుడి వైపు నాలుగో పట్టీ పగిలి ఉంటుంది, చూడమనండి. మేం ఎప్పుడూ పనిముట్ల పెట్టె అటే పెట్టేవాళ్ళం. కొత్త పట్టీలు మరీ గట్టివి వేయించకండి, మందు సీసాలు పగిలిపోతాయి. టైర్లు సన్నవి చాలు. చూడ్డానికి వెడల్పాటివి బాగుంటాయి గాని బురదలో సన్నవే అడుగు నేలను పట్టుకుంటాయి. పసుపు రంగుకి నేను పాప వైపు. వానలో దూరానికి కనిపిస్తుంది.

లాకుల విషయం మీరు మళ్ళీ ఆలోచించాలి. స్టీరింగ్ బరువు రెండు నెలల్లో అలవాటవుతుంది. నేనే ఇక్కడ లేత్ మీద బిళ్ళలు రెండు తయారు చేశాను, భోజనాల వేళల్లో కూర్చుని. కొలతలు నాకు గుర్తే. పార్సిల్ చేశాను, వారంలో అందుతాయి. సైలెన్సర్‌కి ఇచ్చి బిగించమనండి, ఆయనతో చర్చ పెట్టుకోవద్దు.

ఆ గాట్ల సంగతి నాకు తెలియదు. ట్రాక్టరు వాళ్ళెవరైనా చేసుంటారు.

నట్టు


ఇంటి నుంచి,
ఏప్రిల్ 24

నట్టుకి,

బిళ్ళలు అందాయి. ముఖం చూసుకోవచ్చు, అంత నున్నగా ఉన్నాయి. భోజనం మానేసి ఇంత పని చేసినవాడివి ఒక్క పూట సెలవు పెట్టి రాలేకపోయావు.

ట్రాక్టరు ఆయన్ని సంతలో చూసి అడిగాను. తాడు విప్పుకుని వెంటనే వెళ్ళిపోయామనీ, షెడ్డులో బండి దగ్గర నువ్వొక్కడివే కూర్చుని ఉన్నావనీ చెప్పాడు.

ఇక నీళ్ళు నమలకు. జూలైలో ఆ వాగులోకి దిగేది నేను. ఎడమ సీటులో కూర్చుంటానని పాప పట్టుబడుతోంది. ఆ రోజు ఆ బండికి ఏమైందో నాకు తెలియకుండా నేను దాన్ని నీళ్ళలోకి దించలేను. నువ్వు పంపిన ఇనప బిళ్ళలు నాకు జవాబు కాదు.

ఇంకో మాట. పాప స్కూటరు నేర్చుకునేటప్పుడు నేనేమన్నానో తెలుసా. "మీ నాన్నలా తొందరపడకు" అన్నాను. పరీక్ష తప్పినప్పుడూ అదే అన్నాను. నాలుగేళ్ళుగా ఆ పిల్ల తండ్రి అంటే తొందర మనిషి అనుకుంటూ పెరిగింది. ఆ మాట నిజమా కాదా, చూసినవాడివి నువ్వొక్కడివే.

మీ వదిన


అద్దె గది,
మే 10

వదినకు,

ఇది డిపోలో కూర్చుని రాయలేకపోయాను. ఆదివారం, గదిలో ఉన్నాను.

నిజం కాదు వదినా. అన్నయ్య తొందరపడలేదు. దిగేముందు కర్రతో మూడు చోట్ల నీళ్ళు కొలిచాడు. మోకాలి కిందే ఉన్నాయి. అంతకంటే ఎక్కువ నీళ్ళలో మేం యాభైసార్లు దాటి ఉంటాం.

ముందురోజు సాయంత్రం కొండ మీద నుంచి వచ్చాక బండి షెడ్డులో పెట్టాం. బండి ఇంటికొస్తే లాకులు వదిలెయ్యాలి, అది అన్నయ్య నియమం, మీకు తెలుసు. ఆయన కుడిది తీశాడు. నేను ఎడమది తియ్యలేదు. వానగేజి బాగుచెయ్యడానికి పొద్దున్నే మళ్ళీ ఎక్కాలి కదా, తీసి మళ్ళీ వెయ్యడమెందుకని బద్ధకించాను. అలా చాలాసార్లు చేశాను. లాకు వేసి ఉంటే రోడ్డు మీద నష్టమేమీ లేదు, కాస్త డీజిల్ ఎక్కువ తాగుతుంది, అంతే.

పొద్దున వాగు ఒడ్డున ఆగాం. సన్నగా వాన పడుతోంది. నా కాళ్ళకి కొత్త బూట్లున్నాయి, కింద అంతా బురద. ఎడమది నిన్నటి నుంచి వేసే ఉంది కదా అనుకున్నాను. అన్నయ్య తల మీద సంచి కప్పుకుని కుడి చక్రం దగ్గర వంగి "ఎడమ?" అన్నాడు. నేను సీటులోంచి కదలకుండా "వేశా" అన్నాను.

నడి వాగులో వెనక చక్రాలు ఇసకలో కూరుకుపోయాయి. ముందువి లాగనే లేదు. అన్నయ్య నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోమని తాను దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు. అరగంట పట్టింది. పైన ఎక్కడో గట్టిగా కురిసినట్టుంది, నీళ్ళు నడుము దాకా వచ్చాయి. "ముందువి ఎందుకు లాగడం లేదురా" అన్నాడు. అని బండి ముందు నుంచి చుట్టూ తిరిగి ఎడమ చక్రం వైపు వచ్చి వంగాడు. అప్పుడే పెద్ద నీరు వచ్చింది.

ఆయన చెయ్యి లాకు మీద పడిందో లేదో, తెలుసుకున్నాడో లేదో నాకు తెలియదు. తెలిసి ఉంటే తలెత్తి నా వైపు చూసేవాడు. చూడలేదు. తెలియకుండానే పోయాడని అనుకుంటూ బతుకుతున్నాను.

ట్రాక్టరు వాళ్ళు వెళ్ళిపోయాక షెడ్డులో చూశాను. ఎడమ లాకు వదిలేసి ఉంది. ఎలా వదిలిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేనే తీసి మరిచిపోయానా, అసలు ముందురోజు వెయ్యనే లేదా, నాలుగేళ్ళుగా ఆ సాయంత్రాన్ని లోపల తిప్పితిప్పి చూస్తున్నాను, ఏమీ తేలడం లేదు. మర్నాటికల్లా ఆఫీసు వాళ్ళు వచ్చి చూస్తారని తెలుసు. ఒండ్రు పట్టి చేతికి కదల్లేదు. ప్లయర్‌తో పట్టి తిప్పాను. వాళ్ళు వచ్చి రెండు లాకులూ వేసే ఉన్నాయని రాసుకున్నారు. బండిలో లోపం లేదు కాబట్టి నీళ్ళే ఎక్కువుండి ఉంటాయన్నారు. కాదనడానికి నాకు నోరు రాలేదు. నీళ్ళు తక్కువే ఉన్నాయంటే మరి బండి ఎందుకు ఆగిందని అడుగుతారు. అలా అన్నయ్యను దూకుడు మనిషిని చేసింది ఆఫీసు వాళ్ళు కాదు, నేను.

మీ ఇంటికి రాకపోవడానికి సెలవు కారణం కాదు. మీరు భోజనం వడ్డిస్తే తినలేను, అందుకు.

నట్టు


డిపో గ్యారేజీ,
జూన్ 3

వదినకు,

మీ దగ్గర నుంచి జవాబు లేదు. రాయకపోయినా తప్పులేదు. వాతావరణ ఆఫీసుకి జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి పంపాను. రిపోర్టులో ఆ మాట కొట్టేయమని అడిగాను. నకలు దీంతో పెట్టాను, పాపకి చూపించాలనిపిస్తే చూపించండి.

ఇక్కడ సాయంత్రం పూట మబ్బులు పడుతున్నాయి. అక్కడ కూడా పడుతుంటాయి. బిళ్ళలు బిగించారా?

నట్టు


ఇంటి నుంచి,
జూన్ 16

నట్టుకి,

నెల దాటింది. ఒకసారి చదివాక మొదటి వారం నీ ఉత్తరాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. నీ పేరు ఎత్తితే పాప నా మొహం చూసి మాట మార్చేది. ఎంత కోపం వచ్చిందంటే ఆ బిళ్ళలు రెండూ తీసుకెళ్ళి పెరట్లోకి విసిరేశాను, తర్వాత నేనే వెళ్ళి వెతికి తెచ్చాను.

రెండో వారంలో ఒక రోజు వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఉండగా నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. అది నీకు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

ఆ ముందురోజు సాయంత్రం నువ్వు వెళ్ళిపోయాక మీ అన్నయ్య మళ్ళీ షెడ్డులోకి వెళ్ళాడు. చేతులు తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చాడు. "వాడు మళ్ళీ ఎడమది తియ్యకుండా పోయాడు, నేనే తీసేశా" అన్నాడు. "పిలిచి నాలుగు చీవాట్లు పెట్టొచ్చుగా" అన్నాను. "వద్దులే, చిన్నబుచ్చుకుంటాడు. నువ్వూ చెప్పకు" అన్నాడు. నువ్వు తియ్యకుండా వెళ్ళిన ప్రతిసారీ ఆయనే వెళ్ళి తీసేవాడు నట్టూ. పొద్దున నీకంటే ముందు లేచి మళ్ళీ వేసి ఉంచేవాడు, నీకు తెలియకుండా. ఆ రోజు ఆలస్యంగా లేచాడు. ఒడ్డున "ఎడమ?" అని అడిగితే నువ్వు "వేశా" అన్నావు. నువ్వు దిగి, వదిలేసి ఉండటం చూసి, వేశావనే అనుకుని ఉంటాడు.

నువ్వు మరిచిపోలేదు. ముందురోజు లాకు వేసే ఉంది. నాలుగేళ్ళు తిప్పితిప్పి చూశానన్నావే, అందులో నువ్వు చూడని ముక్క ఇది. అది నా దగ్గరుంది.

ఆ రోజు పొద్దున నువ్వు వచ్చావు. గుమ్మంలో నిలబెట్టి టీ గ్లాసు చేతికిచ్చాను. ఆయన ఆలస్యంగా లేచాడని నాకు తెలుసు. ఎడమది తీసేసి ఉందని చెప్దామనే అనుకున్నాను, నోటి చివరి దాకా వచ్చింది. చెప్పకు అన్నాడు కదా అని ఊరుకున్నాను. నీ కాళ్ళ వైపు చూసి, బూట్లు బాగున్నాయి అన్నాను.

రెండు లాకులూ వేసే ఉన్నాయని రిపోర్టులో చదివాక ఆ సంగతి మళ్ళీ నా తలలోకే రాలేదు. నువ్వు ఆ ప్లయర్ పట్టుకోకపోయి ఉంటే నాలుగేళ్ళ కిందటే నాకు గుర్తొచ్చేది. ఆయన్ని తిట్టుకుంటూ గడపాల్సిన పని తప్పేది నాకు. నీ తప్పు చిన్నదని రాయను. కదలకుండా "వేశా" అన్నది నువ్వు, పోయినవాడి మీద అబద్ధం ఉండనిచ్చింది నువ్వు. క్షమించానని రాద్దామంటే చెయ్యి రావడం లేదు, ఎప్పుడు వస్తుందో కూడా చెప్పలేను. కానీ మొత్తం నువ్వొక్కడివే మోస్తున్నావు, అది న్యాయం కాదు. అందులో ఆయన వాటా ఉంది, నా వాటా ఉంది. మన ముగ్గురం ఒకరికొకరం మంచిగా ఉండబోయి ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

నీ రెండు ఉత్తరాలూ, ఆఫీసుకి రాసిన నకలూ పాపకి ఇచ్చాను. అన్నీ చదివి మడతపెట్టింది. చివరికి, "అయితే నాన్న కొలిచే దిగాడన్నమాట" అంది. లేచి వెళ్ళి బండి కడిగింది. పసుపు రంగుకి ఒప్పుకున్నాను.

బిళ్ళలు ఈ ఉత్తరంతో పాటు తిరిగి పంపిస్తున్నాను. చక్కగా చేశావు, కానీ నాకు వద్దు. చేత్తో తిప్పే లాకులే ఉంటాయి. విరిగిన పన్ను మార్పించాను, ఎడమది ఇప్పుడు చిటికెన వేలుతో తిరుగుతోంది. వేశావా అని అడిగి ఊరుకునే పద్ధతి మాత్రం మన ఇంట్లో ఇక లేదు. ఎడమది తిప్పినవాళ్ళు వచ్చి కుడిది చూడాలి, కుడిది తిప్పినవాళ్ళు వెళ్ళి ఎడమది చూడాలి. తీసినా అంతే, వేసినా అంతే. పాపకి నేర్పాను, రోజూ సాధన చేస్తోంది, సైలెన్సర్ పక్కన నిలబడి ఉపన్యాసం ఇస్తున్నాడు.

జూలై నాలుగున మొదటిసారి ఎక్కుతున్నాం. ఆ రోజు పాపను వెనక కూర్చోబెడతాను. ఎడమ సీటులోకి నువ్వు రావాలి. లాకు నువ్వే తిప్పు. తర్వాత నేను అటు వచ్చి దాని మీద చెయ్యి పెట్టి చూస్తాను. నమ్మకం లేకే చూస్తాను, కొన్నాళ్ళు అలాగే ఉంటుంది, నొచ్చుకోకు. నాది కూడా నువ్వు అలాగే చూడు.

ఒడ్డున బురద ఉంటుంది. పాత బూట్లు వేసుకుని రా.

మీ వదిన